ఓబెరాన్ మంత్రంలో ప్రాస తెగిపోతోంది. షేక్‌స్పియర్ కాలం ఉచ్చారణలో చెప్పొచ్చా?

ప్రశ్న:
మా బృందం షేక్‌స్పియర్ నాటకం ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ వేస్తోంది. నాది యక్షుల రాజు ఓబెరాన్ పాత్ర. మూడో అంకంలో, నిద్రపోతున్న డెమెట్రియస్ అనే యువకుడి కళ్లలో పూలరసం పిండుతూ చదివే మంత్రం దగ్గర రెండు వారాలుగా ఆగిపోతున్నాను. డై, ఐ, స్కై చక్కగా కలుస్తాయి. మధ్యలో ఆర్చరీ, గ్లోరియస్‌లీ, రెమెడీ వచ్చేసరికి పట్టు సడలిపోతుంది. ఆ కాలంలో ఇవన్నీ ఒకే ప్రాస అని విన్నాను. నిజమేనా? అలా పలికితే జనానికి అర్థం కాదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నిజమే. లండన్ గ్లోబ్ థియేటర్ 2004లో ‘రోమియో అండ్ జూలియెట్’ని, 2005లో ‘ట్రాయిలస్ అండ్ క్రెసిడా’ని ఈ ఉచ్చారణతోనే ఆడింది. నటులకు దాన్ని నేర్పింది భాషావేత్త డేవిడ్ క్రిస్టల్.

జవాబు 2:
రికార్డింగులే లేని కాలం కదా, అలాగే పలికారని ఎవరు చూశారు? నాకైతే ఇది ఊహలాగే కనిపిస్తుంది.

జవాబు 3:
ఊహ కొంత ఉంటుంది, కాదనను. కానీ ఆధారాలూ ఉన్నాయి: ప్రాసలు, అచ్చులో కుదురుకోని స్పెల్లింగులు, శ్లేషలు, ఆనాటివాళ్లు ఉచ్చారణ గురించి రాసిపెట్టిన మాటలు. ‘ర్’ని కుక్క అక్షరం అని ఆ కాలపు నాటకకర్త బెన్ జాన్సన్ తన వ్యాకరణంలో రాశాడు, గుర్రుమన్నట్టు వినిపిస్తుందని. ఇప్పటి లండన్ నాటకరంగపు ఇంగ్లీషులో మాట చివర ఆ ‘ర్’ మాయమైంది. అప్పుడు పలికేవారు.

ఓబెరాన్ గారూ, నేను ఈ పద్ధతిలో షేక్‌స్పియర్‌దే ‘యాజ్ యు లైక్ ఇట్’లో జేక్విస్ పాత్ర వేశాను. అడవిలో కలిసిన విదూషకుడి మాటలు తిరిగి చెబుతూ, గంటసేపు ఆపకుండా నవ్వానంటాడు. ఆ మాటల్లో అంత నవ్వేముందో నాకు ఏళ్లపాటు అంతుపట్టలేదు. ఆ మాటల్లో పదేపదే వచ్చే, గంట అనే అర్థమున్న ‘అవర్’, వేశ్య అనే అర్థమున్న ‘హోర్’, ఆ రోజుల్లో రెండూ ఇంచుమించు ‘ఓర్’ అనే పలికేవి. రిహార్సల్‌లో మొదటిసారి అలా అన్నప్పుడు నాకే నవ్వు ఆగలేదు. నవ్వు నటించాల్సిన పని ఆ రోజుతో పోయింది.

మీ మంత్రానికి ఇలా చేసి చూడండి. ‘ఐ’ అనడానికి నోరు పెద్దగా ‘ఆ’ అని తెరవకండి. చిన్న ‘అ’ దగ్గర మొదలుపెట్టి ‘అయ్’ అనండి. అదే ‘అయ్’ని ఆర్చరీ చివర పెట్టండి: ఆర్చరయ్, గ్లోరియస్‌లయ్, రెమెడయ్. ‘ర్’ మింగకండి. అది మన నోటికి కొత్తేమీ కాదు.

అర్థం కాదన్న భయం వదిలేయండి. నాలుగైదు వాక్యాలకు చెవి అలవాటుపడుతుంది. పైగా ‘అండ్’, ‘మై’ లాంటి చిన్న మాటలు కురచబడి మాట వేగం పెరుగుతుంది. అందరూ అచ్చం ఒకేలా పలకాలనీ లేదు. అప్పటి లండన్‌లోనూ రకరకాల యాసలు ఉండేవి.

ఒక్కటి మాత్రం వినండి. మీరొక్కరే ఇలా మాట్లాడి మిగతావాళ్లు మామూలుగా మాట్లాడితే బాగోదు. దర్శకుణ్ణి ఒప్పించి, కనీసం యక్షుల పాత్రలన్నిటికీ ఇదే పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి గదిలో ఒక్కణ్ణే గట్టిగా చదివాను. స్కయ్, బయ్, రెమెడయ్ అని ముగిసేసరికి ఒళ్లు జలదరించింది. రేపు ఓబెరాన్ సేవకుడు పక్ పాత్రధారిని కూర్చోబెడతాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి దర్శకుడి దగ్గరికి వెళ్తాం.