అప్‌డేట్: ఒకే ఆర్డరుకు రెండు ప్రింటర్లు వచ్చిన విషయం తేలింది

ఒక ప్రింటరుకు డబ్బు చెల్లిస్తే అమ్మకందారు పొరపాటున రెండు పంపారని, రెండోదాన్ని ఉంచుకోవడం న్యాయమేనా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ముందుగా పెట్టెల మీది చీటీలను పోల్చి చూడమన్న సలహాయే పనికొచ్చింది. రెండింటి మీదా ఆర్డరు నంబరు ఒకటే, ట్రాకింగ్ నంబర్లు మాత్రం వేరు. కాబట్టి అది మరొకరికి చేరవలసిన సరుకు కాదని, నా ఆర్డరునే రెండుసార్లు పంపారని స్పష్టమైంది. ఫొటోలు జతచేసి, తిరిగి పంపే ఖర్చు నేను భరించనని, వారు తీసుకువెళ్లేదాకా పెట్టెను తెరవకుండా ఉంచుతానని రాశాను. మొదటి జవాబులో రీఫండ్ కావాలా అని అడిగారు (ఎవరూ చదవకుండా పంపినదే అయి ఉండాలి), మళ్లీ రాశాక మనిషిని పంపి, రసీదు ఇచ్చి తీసుకువెళ్లారు.

అడగని సరుకును ఉంచుకోవచ్చన్న నిబంధనను కొందరు ప్రస్తావించారు. కొన్ని దేశాల్లో ఉన్న ఆ నిబంధన ముఖ్యోద్దేశం, కోరకుండానే వస్తువు పంపి ఆనక డబ్బు గుంజే వ్యాపారులను అడ్డుకోవడం. కోరి తెప్పించుకున్న వస్తువు పొరపాటున రెండోసారి రావడం వేరే సంగతి. పెద్ద సంస్థకు ఇదొక లెక్కా అన్న వాదన కూడా నాకు నిలిచేదిగా తోచలేదు, ఎందుకంటే ఆ నష్టం చివరకు ఏ ఉద్యోగి మీద పడుతుందో మనకు కనిపించదు. డబ్బు రెండుసార్లు కోత పడిందేమోనన్న అనుమానానికి ఆధారం దొరకలేదు. ఖాతా నిలిపివేస్తారన్న భయమూ అనవసరమే అయింది, తర్వాత పెట్టిన ఆర్డరు మామూలుగానే వచ్చింది.