క్రిస్టియన్ ప్రైమరీ స్కూల్లో చదువు ఎట్లా చెప్తారు? పిల్లల్ని పంపినవాళ్ళు చెప్పండి

చెక్‌పోస్ట్_అమ్మ (కర్నూలు)
పాపకు ఈ జూన్‌కు ఒకటో తరగతి. నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఉంటాం. దగ్గర్లోనే చర్చివాళ్ళ స్కూలుంది, ఐదో తరగతి దాకా. వెళ్ళి అడిగితే "మాది వ్యాల్యూ బేస్డ్ కరికులమ్ అమ్మా" అన్నారు. అంటే ఏందని మళ్ళీ అడగడానికి మొహమాటపడి వచ్చేశా. మేము హిందువులం. ప్రార్థన గురించి నాకు పట్టింపు లేదు, మా అత్తమ్మకు ఉంది. నా టెన్షన్ వేరే. పాప రెండో ఎక్కం గడగడా అప్పజెప్తుంది. ఆరు గోళీలు పెట్టి రెండు తీసేస్తే మిగిలేవెన్ని అంటే మాత్రం నా మొహం చూస్తుంది. అక్కడ చేరిస్తే ఇది మారుతుందా?

ఏడురోడ్ల_టీచర్ (కడప)
తొమ్మిదేళ్ళు మిషన్ స్కూళ్ళలో చెప్పినదాన్ని. క్రిస్టియన్ స్కూలంటే అన్నీ ఒకటి కాదమ్మా. నేను మొదట చేసింది సిస్టర్ల స్కూల్లో. అక్కడ ఒకే పీరియడ్‌లో కేథలిక్ పిల్లలు ఒక గదిలో సత్యోపదేశానికి, అంటే వాళ్ళ మతబోధకు, మిగతా పిల్లలు ఇంకో గదిలో మోరల్ సైన్స్‌కు వెళ్ళేవాళ్ళు. తర్వాత చేరిన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) స్కూల్లో అట్లా విడదీసేవాళ్ళు కాదు. పొద్దున అసెంబ్లీలో అందరికీ ఒక బైబిలు కథ, ఒక పాట, అంతే. ఆ తర్వాత సాయంత్రం దాకా స్టేట్ సిలబస్సే. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు నుంచి పరిసరాల విజ్ఞానం. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే సర్కారు పుస్తకాలు చూసే ఉంటారు, అవే.

అందుకని "వ్యాల్యూ బేస్డ్" అనే ఆ పెద్ద మాటకు భయపడొద్దు. చాలాచోట్ల దానికి అర్థం వారానికి రెండు మోరల్ సైన్స్ పీరియడ్లు. టైమ్‌టేబుల్ చూపించమనండి. అంతకంటే ముఖ్యం, ఇప్పుడు ఒకటో తరగతి చదువుతున్న పిల్లల లెక్కల నోట్‌బుక్ ఒకటి అడిగి చూడండి. అన్ని పేజీల్లో లెక్కలూ జవాబులూ ఒకే తీరుగా, ఒక్క తప్పు కూడా లేకుండా ఉంటే బోర్డు మీద చూసి దించారని అర్థం. కొట్టివేతలు, వంకర అంకెలు, పక్కన టీచరు గీసిన చుక్కలు కనబడితే ఆ పిల్ల తనంతట తాను ఆలోచించినట్టు.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
మేము ముస్లింలం. మా పిల్లలిద్దరూ అట్లాంటి స్కూల్లోనే ఐదు దాకా చదివారు. అసెంబ్లీలో చేతులు కట్టుకుని నిలబడితే చాలనేవాళ్ళు. పెద్దోడు ఒకరోజు వచ్చి నోవహు ఓడ కథ చెప్తుంటే మా అమ్మ "ఇది నూహ్ నబీ కథ కదరా" అనింది. వాడు మరుసటిరోజు క్లాసులో లేచి "మిస్, ఈయన మా దాదీకి కూడా తెలుసు" అన్నాడంట. మిస్ నవ్వి ఆ కథ వాడితోనే చెప్పించింది. చదువు విషయానికొస్తే ఇంగ్లీషు చదవడం బాగా వచ్చింది. తెలుగే కాస్త నీరసం.

జమ్మలమడుగు_కోడలు (కడప జిల్లా)
తెలుగు సంగతి నన్నడగండి 😄 మేము చర్చి సంఘస్థులమే. మా చిన్నది ఆదివారం బడిలో, స్కూల్లో కలిపి వారానికి రెండు కంఠత వాక్యాలు నేర్చుకుంటుంది. తెలుగు బైబిలు పాత గ్రాంథికంలో ఉంటుంది కదా. మూడో తరగతిలో "మా ఇల్లు" మీద పది వాక్యాలు రాయమంటే ఏం రాసిందో చూడండి: "మా అమ్మ అన్నము వండెను. మా నాన్న పొలమునకు వెళ్ళెను. కుక్క మిక్కిలి మొరిగెను." టీచరు ఎర్ర పెన్ను పట్టుకుని ఏది తప్పని కొట్టాలో తెలీక అట్లే పదికి తొమ్మిదిచ్చింది. వ్యాకరణం ప్రకారం తప్పేముంది చెప్పండి! నవ్వులాట పక్కనపెడితే, అంతంత వాక్యాలు నోటికి వచ్చినందువల్ల కొత్త పాఠం తడుముకోకుండా చదువుతుంది. లెక్కల్లో మాత్రం ఆ కంఠత పనికిరాలేదు. మీ పాప కథే మాదీ.

కరువుసీమ_నాన్న (అనంతపురం)
టీచర్ గారు చెప్పిన రెండూ కాక మూడో రకం కూడా ఉందండీ. బెంగళూరులో మా అక్క పిల్లలు అందులోనే ఉన్నారు. పేరు యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్. 1970లో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైంది. టీచరు నిలబడి పాఠం చెప్పడం ఉండదు. ఒక్కో సబ్జెక్టుకు ఏడాదికి పన్నెండు చిన్న పుస్తకాలు. పిల్లలు పక్కవాళ్ళు కనబడకుండా చెక్క అడ్డాలున్న బల్లల దగ్గర కూర్చుని ఎవరి పుస్తకం వాళ్ళు చేసుకుపోతారు. డౌటొస్తే చిన్న జెండా నిలబెడతారు, అప్పుడు వచ్చి చెప్తారు. పరీక్షలో 80 శాతం రాకపోతే అదే పుస్తకం మళ్ళీ చేయాలి. లెక్క, సైన్సు, అన్నిట్లోనూ బైబిలు కలిపే ఉంటుంది. అక్కడ "మా పిల్లను బైబిలు పీరియడ్‌కు కూర్చోబెట్టొద్దు" అనడానికి విడిగా పీరియడే ఉండదు.

మేనల్లుడు బాగానే చదువుతున్నాడు, కాదనను. కానీ సెలవులకు వచ్చినప్పుడు మా వీధి పిల్లలతో కూర్చుని ఒక లెక్క మీద వాదులాడుకోవడం వాడికి చేతకాలేదు. నాకైతే నచ్చలేదు.

రాజవిహార్_రాము (కర్నూలు)
మాకు చేదు అనుభవం. ఊరు, స్కూలు పేరు వద్దులెండి. చదువు బాగుందని చేర్పిస్తే, పాప బొట్టు పెట్టుకుని వస్తే గేటు దగ్గరే తుడిపించారు. రెండుసార్లు అడిగాం, యూనిఫాం రూల్ అన్నారు. టీసీ తీసుకున్నాం. ఇట్లాంటివి అడ్మిషన్‌కు ముందే అడిగి తెలుసుకోండి. ఇంకోటి, విద్యా హక్కు చట్టం కింద 25 శాతం ఉచిత సీట్లు వీటిలో వస్తాయా?

నల్లకోటు (కడప)
రావు. మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ప్రార్థన సంగతికి రాజ్యాంగంలో 28(3) ఉంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న స్కూల్లో మతబోధకు, ఆరాధనకు పిల్లలు రావాల్సిందే అనడానికి లేదు, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అడ్మిషన్ ఫారంలో చిన్న అక్షరాల్లో ఆ సమ్మతి ఉంటుంది, మనం చదవకుండా సంతకం పెట్టి వస్తాం. బొట్టు గురించి అందులో ఏమీ లేదు. అది ముందే మాట్లాడుకోవాల్సిన విషయమే.

చెక్‌పోస్ట్_అమ్మ (కర్నూలు)
అందరికీ థ్యాంక్స్. నిన్న మళ్ళీ వెళ్ళా, ఈసారి అత్తమ్మను కూడా తీసుకుని. బొట్టుకు, పూలకు అభ్యంతరం లేదన్నారు. టైమ్‌టేబుల్లో మోరల్ సైన్స్ వారానికి రెండు పీరియడ్లే, టీచర్ గారు చెప్పినట్టే. నోట్‌బుక్ అడిగితే హెడ్ మిస్ కాస్త వింతగా చూసి, సరే క్లాసులోకే రండి అన్నారు. పిల్లలు కింద కూర్చుని వేరుశనగ కాయలు పదేసి కుప్పలు పెడుతున్నారు. ఒకడు ఒక కాయ ఒలుచుకు తినేసి, లెక్క తప్పిందని ఏడుపు. మిస్ వాడినే అడిగింది, "ఎన్నుండాలి, ఎన్నున్నాయి, నీ కడుపులోకి ఎన్ని పోయినాయి?" అని. వాడు ఏడుపాపి వేళ్ళు మడిచి "ఒకటి" అన్నాడు. అత్తమ్మ బయటికొచ్చాక "చేర్పించేద్దాం" అనింది.

నోట్‌బుక్‌లో కొట్టివేతలు చాలానే ఉన్నాయి. తెలుగు నోట్‌బుక్ మాత్రం అచ్చం ముద్రించినట్టుంది, అదొక్కటే అనుమానం.

ఏడురోడ్ల_టీచర్ (కడప)
తెలుగు ఇంట్లో మీరు చూసుకోండి. రాత్రిపూట కథ చెప్పి, పొద్దున అదే కథ మూడు వాక్యాల్లో రాయమనండి. వండెను, వెళ్ళెను అని రాసినా కొట్టొద్దు.