తిరుపతిలో ఫ్రాంచైజీ తీసుకోవాలా, సొంత బోర్డు పెట్టుకోవాలా?

బైరాగిపట్టెడ కుర్రోడు:
అన్నలారా, మా నాయన రిటైరైన డబ్బు కొంత ఉంది. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక గది చూశాం. ఒక షవర్మా ఫ్రాంచైజీ వాళ్లు 'మాదీ మెక్‌డొనాల్డ్స్ మోడలే' అంటున్నారు. మా మామేమో సొంతంగా పెట్టుకోమంటున్నాడు. మీరేమంటారు?

లెక్కల పిచ్చోడు:
గది లీజు ఎవరి పేరు మీద ఉంటుందో అడుగు తమ్ముడూ. కిటుకంతా అక్కడే ఉంది. మెక్‌డొనాల్డ్స్‌ని ఫ్రాంచైజీలతో పెద్దది చేసిన రే క్రాక్ 1955లో తన మొదటి షాపు తెరిచిన రోజుల్లో, ఫ్రాంచైజీల అమ్మకాల్లో ఆయనకొచ్చేది 1.9 శాతం. అందులో 0.5 శాతం ఆ హోటల్ మొదలెట్టిన మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములకే పోయేది. మిగిలిందాంతో ఆఫీసు ఖర్చులు కూడా గడవని పరిస్థితి. అప్పుడు క్రాక్ దగ్గర డబ్బు లెక్కలు చూసే హ్యారీ సానెబోర్న్ ఒక దారి చూపించాడు. స్థలం కంపెనీయే లీజుకు తీసుకుని, షాపు నడిపేవాడికి ఇంకా ఎక్కువకు ఇవ్వడం. కనీస అద్దె, లేదా అమ్మకాల్లో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. మాట వినకపోతే గది ఖాళీ చేయించొచ్చు కూడా. ఆ కంపెనీని నిలబెట్టింది బర్గర్ కాదు, అద్దె. నీ షవర్మావాళ్లు స్థలం మీద పైసా పెడతారా? అద్దె, అడ్వాన్సు, ఫ్రిజ్‌లు, ఏసీ అన్నీ నీవే కదా.

కపిలతీర్థం కాపురస్తుడు:
అంత తీసిపారేయొద్దన్నా. మన ఊళ్లో బోర్డుకి విలువ ఎక్కువ. రోజూ కొత్త ముఖాలే. బస్టాండులో దిగిన నాసిక్ కుటుంబానికి మన మంచి హోటల్ ఏదో ఎట్లా తెలుస్తుంది? తెలిసిన పేరు చూసి లోపలికి పోతారు. పైగా ఆ అన్నదమ్ములు 1948లోనే మెనూ కత్తిరించి, మనిషికో పని అప్పజెప్పి వంటగదిని ఫ్యాక్టరీలా మార్చారు. అది లేకుంటే అద్దె ఎవరు కట్టేవాళ్లు? మా చిన్నాన్న హోటల్లో మాస్టర్ పండక్కి ఊరికి పోతే ఆ వారం సాంబారు నోట్లో పెట్టలేం.

లెక్కల పిచ్చోడు:
సాంబారు విషయం ఒప్పుకుంటా. కానీ నాసిక్ వాళ్లకు తెలిసిన పేరు డామినోస్. అది మన కుర్రోడికి ఎవరిస్తారు? ఇండియాలో ఆ షాపులన్నీ జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ వాళ్లే నడుపుతారు. మనదాకా వచ్చేవి నాసిక్‌లో ఎవరూ వినని పేర్లే.

చిత్తూరు టీ మాస్టర్:
నేను చిత్తూరులో రెండేళ్లు ఒక టీ ఫ్రాంచైజీ నడిపాను, పేరు వద్దులెండి. రాయల్టీ, అంటే వాళ్ల పేరు వాడుకున్నందుకు కట్టేది, 6 శాతం, లాభం మీద కాదు, అమ్మకాల మీద. నెలకి 3 లక్షలు అమ్మితే 18 వేలు కట్టాల్సిందే, నాకు నష్టమొచ్చినా సరే. టీ పొడి, కప్పులు వాళ్ల దగ్గరే కొనాలి. ఏడాది తిరక్కుండానే అర కిలోమీటరు దూరంలో ఇంకొకరికి ఇచ్చారు. నా గిరాకీ సగమైంది. వాళ్లకేం, రెండు షాపుల రాయల్టీ. ఏరియా గురించి అగ్రిమెంటులో రాయించుకోకపోవడం నా తప్పే. ఇప్పుడు అదే గది, అదే పాలవాడు, బోర్డు మాత్రం నాది. అయితే స్టాకు లెక్క రాసుకోవడం నేర్పింది వాళ్లే, అబద్ధం చెప్పకూడదు.

కపిలతీర్థం కాపురస్తుడు:
నేనంటున్నదీ అదే. చదువుకి ఫీజు కట్టినట్టు అనుకోండి.

చిత్తూరు టీ మాస్టర్:
బడి మానేశాక కూడా ఫీజు అడుగుతున్నారు సామీ. అగ్రిమెంటు మూడేళ్లది. మిగిలిన ఏడాదికి ఇంకా నోటీసులు వస్తున్నాయి.

బైరాగిపట్టెడ కుర్రోడు:
ఇప్పుడే ఫోన్ చేశాను. రాయల్టీ అసలు లేదంట! చికెన్, మసాలా మాత్రం వాళ్ల దగ్గరే కొనాలంట. కిలో ఎంతో సంతకం పెట్టాక చెప్తారంట.

లెక్కల పిచ్చోడు:
మీ మామకి ఫోన్ చెయ్యి నాయనా.