అప్‌డేట్: పైన ఐస్ కడుతోంది, కింద చల్లదనం లేదు – కారణం దొరికింది

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ బాగానే ఉంది, కింద మాత్రం పాలు విరిగిపోతున్నాయని అడిగాను కదా, తేలిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "డీఫ్రాస్ట్ (ఫ్రిజ్ తనలో పట్టిన మంచును తనే కరిగించుకునే ఏర్పాటు) చూపించండి" అన్నవారికి.

ముందు ప్లగ్ తీసి, తలుపులు తెరిచి రోజంతా వదిలేశాం. ఆన్ చేస్తే కొత్తదానిలా పనిచేసింది, వారం తిరక్కుండానే మళ్లీ అదే గోల. అసలు గుట్టు అక్కడే ఉందట: ఆపినప్పుడు లోపలి మంచు కరిగింది, ఆన్ చేశాక మళ్లీ పేరుకుంది. మెకానిక్ ఫ్రీజర్ లోపలి వెనక ప్యానెల్ విప్పితే, చల్లదనాన్నిచ్చే గొట్టాల చుట్ట (కాయిల్) కనబడితే ఒట్టు, అంతా మంచుగడ్డే! చల్లగాలి కిందికి దిగే దారి పూర్తిగా మూసుకుపోయింది. మల్టీమీటర్ పెడితే ఆ మంచును కరిగించే హీటర్ బాగానే ఉంది. కాయిల్‌కి క్లిప్‌తో తగిలించి ఉండే బైమెటల్ థర్మోస్టాట్ (చలికి దానంతటదే ఆన్ అయ్యే చిన్న స్విచ్) పోయింది. గడ్డకట్టే చలిలోనూ అది ఆన్ కాకపోతే హీటర్‌కి కరెంటు అందదు, మంచు కరగదు. అది మార్చాక మళ్లీ ఇబ్బంది రాలేదు.

డోర్ రబ్బరు, స్టెబిలైజర్ రెండూ బాగానే ఉన్నాయి. గ్యాస్ నింపాలన్న మొదటి మెకానిక్ మాట వినకపోవడమే మంచిదైంది. గ్యాస్ తగ్గితే కాయిల్‌పై ఒక మూలే మంచు పడుతుందట, మాకు అంతటా పట్టేసింది.