రోగిని డాక్టరు ఎంత నమ్ముతున్నాడో కొలవాలా?

చర్చ మొదలుపెట్టినది: వేణు
డాక్టరు మీద రోగికి నమ్మకం ఎంత అని అడిగే ప్రశ్నపత్రాలు చాలానే ఉన్నాయి. దాన్ని తిరగేసి, రోగి మీద డాక్టరుకున్న నమ్మకాన్ని కొలిచే 12 అంశాల కొలమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2011లో ప్రచురించారు. దీర్ఘకాలిక నొప్పితో వచ్చే రోగుల గురించి వాళ్ల డాక్టర్లనే అడిగారు: అవసరమైనవన్నీ చెబుతాడా? చెప్పిన చికిత్స పాటిస్తాడా? మీ సమయాన్ని గౌరవిస్తాడా? నాకైతే మంచి పనే అనిపిస్తోంది. నమ్మకం లేకపోతే లేదనైనా తెలుస్తుంది కదా.

శారద
ఒంట్లో బాగాలేక వెళితే మాకే మార్కులా!

డాక్టర్ రఘు
అపనమ్మకం ఊరికే రాదు శారదగారూ. పరీక్షకు ముందు మూడు రోజులు అన్నం మానేసి వస్తారు. పరగడుపు చక్కెర 110. హెచ్‌బీఏ1సీ మాత్రం 9.2. అది మూడు నెలల చక్కెర సగటు, మూడు రోజుల పథ్యానికి లొంగదు. మాత్రలు వేసుకుంటున్నారా అంటే "తప్పకుండా సార్". సంచిలోంచి అట్ట తీస్తే మాత్రలు ఎక్కడివక్కడే.

శారద
ఆ అట్ట నాదే అనుకోండి. ఒకసారి నిజమే చెప్పాను డాక్టర్‌గారూ. చక్కెర మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకుంటే విరేచనాలు, ఉద్యోగానికి బస్సులో గంటన్నర ప్రయాణం, అందుకే పొద్దుటి మాత్ర మానేశానని. మా డాక్టరు తలెత్తకుండానే "మీ ఇష్టం, రేపు కాలు తీసేయాల్సి వస్తే నన్ను అడగకండి" అన్నారు. "తప్పకుండా సార్" అనడం ఆ రోజే నేర్చుకున్నాను. ఆ పన్నెండింటిలో డాక్టరు ముఖం గురించి ఒక్కటైనా ఉందా?

డాక్టర్ రఘు
లేదు. అది రోగి గురించి అడిగేదే. మీ విషయానికొస్తే, అదే మందులో నెమ్మదిగా కరిగే రకం ఉంది, చాలామందికి కడుపు ఇబ్బంది తగ్గుతుంది. ఆ మాట ఆయన చెప్పి ఉండాల్సింది.

నర్సు కమల
చక్కెరకు రక్తపరీక్ష ఉంది. నొప్పికి ఏముంది? రోగి మాటే ఆధారం. కాబట్టి పరిశోధనకు ఈ కొలత సరే, నాకు అభ్యంతరం లేదు. కేసుషీటులోకి మాత్రం ఆ అంకె ఎక్కకూడదు. ఎక్కిందంటే తర్వాతి డాక్టరు మనిషిని చూడకముందే అంకెను చూస్తాడు. "ఈవిడ ఊరికే అంటుంది" అని ఎవరో ఒకరు చెవిలో వేస్తే చాలు, ఆవిడ నొప్పిని ఆ పూట ఎవరూ పట్టించుకోరు. మా వార్డులో చూస్తూనే ఉన్నాను.

వేణు
ఒప్పుకుంటున్నాను. కేసుషీటు గురించి నేను ఆలోచించలేదు.

శారద
గురువారం మళ్లీ వెళ్లాలి. అట్ట తీసుకెళ్లి, ఎన్ని మిగిలాయో ఆయన అడగకముందే చెబుతాను. ఆ నెమ్మదిగా కరిగే రకం సంగతీ అడుగుతాను. తలెత్తుతారో లేదో చూడాలి.