హన్మకొండ ఎండకు ఏ ఇల్లు: ఎర్ర ఇటుకా, ఏఏసీ బ్లాకులా?

కొత్తిల్లు, హన్మకొండ: 150 గజాల పడమర ముఖం ప్లాటులో ఇల్లు మొదలుపెడుతున్నాం. ఇంజినీరు ఏఏసీ అనే తేలికపాటి బ్లాకులంటాడు. మేస్త్రీ ఎర్ర ఇటుక తప్ప ముట్టనంటాడు. నాన్నగారిది మేస్త్రీ పక్షం. కరెంటు బిల్లు తగ్గాలంటే ఎవరి మాట వినాలి?

సైటు ఇంజినీరు, కాజీపేట: బ్లాకులే. బూడిద, సున్నం, సిమెంటులో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తే పిండిలా పొంగుతుంది. దాన్ని ఆవిరి మీద ఉడికిస్తారు, ఇడ్లీలాగే. లోపలంతా గాలి బుడగలే కాబట్టి వేడి త్వరగా దిగదు. బూడిదకు రామగుండం థర్మల్ కరెంటు ప్లాంటు ఉండనే ఉంది, ఇటుక బట్టీలకు మట్టి తవ్వే పనీ తప్పుతుంది. తేలికైన ఇటుక మనకు కొత్తా? 1213 నాటి రామప్ప గుడి శిఖరం నీళ్లలో తేలే ఇటుకలతోనే కట్టారు.

మేస్త్రీ కొడుకు: సార్, రామప్పలో అది బరువు తగ్గించడానికి, చల్లదనానికి కాదు. మా నాన్నకు బ్లాకులతో పగ లేదు. ఒక ఇంటికి బ్లాకుల్ని ఇటుకల్లా నానబెట్టి, మామూలు మాలుతో కట్టించారు. ఆరాక అతుకుల వెంట వెంట్రుకంత పగుళ్లు. మాట పడింది ఆయనే. దానికి పల్చటి జిగురు మాలు కావాలని ముందే ఎవరైనా చెప్పారా?

పరకాల మనవరాలు: గోడ దగ్గరే కొట్టుకుంటున్నారు, అసలు సెగ నెత్తి మీది స్లాబుది. పగలంతా కాగి రాత్రి పదకొండింటికి మంచం మీదకి దింపుతుంది. అమ్మమ్మ పెంకుటింట్లో ఈ బాధ లేదు, కానీ ఇప్పుడు పెంకులు కప్పితే కోతులు ఉంచుతాయా! నిరుడు మేలో డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ పెయింట్ వేయిస్తే డబ్బు సగానికే సరిపోయింది. అదే మంచిదైంది. మధ్యాహ్నం రెండింటికి తెల్ల సగం మీద వట్టి కాళ్లతో నిలబడ్డాను. పక్క సగం మీద ఒక్క అడుగు వేసి వెనక్కి గెంతాను. ఇలాంటి చల్లని కప్పుల కోసం తెచ్చిన తెలంగాణ 2023 కూల్ రూఫ్ విధానం ఇళ్లలో 600 గజాలు, ఆపైన ఉన్నవాటికే తప్పనిసరి. ఎక్కువ కాగేది మన చిన్న ఇళ్లే.

సైటు ఇంజినీరు: దుమ్ము పడితే ఆ తెలుపు నిలవదమ్మా. సోలార్ పెట్టించండి, 3 కిలోవాట్లకు కేంద్రం రాయితీ 78,000. స్లాబుకు నీడ కూడా.

పరకాల మనవరాలు: రాయితీ పోను మిగతాది ఎవరిస్తారు సార్? దుమ్మంటారా, చీపురుంది.

కొత్తిల్లు, హన్మకొండ: జిగురు మాలుతో అయితే పడమటి గోడ వరకు బ్లాకులకు మేస్త్రీ సరేనన్నాడు. స్లాబు సంగతే నాన్నగారు నమ్మడం లేదు. అక్కా, ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని మీ డాబా మీదకి తీసుకురావచ్చా? చెప్పులు విప్పించే పూచీ నాది.