నోటికాడి ముద్ద జారిన టెన్నిస్ ఫైనల్స్: పిల్లలకు ఏ గేమ్ నుంచి చూపించాలి?

వైట్‌ఫీల్డ్ వాలీ (బెంగళూరు):
మా అపార్ట్‌మెంట్ కోర్టులో ఆదివారం ఆడే పిల్లలు 12 నుంచి 15 ఏళ్ల వాళ్లు. సెట్లో 5-3 దాకా (ఆరు గేమ్‌లు గెలిస్తే సెట్) బాగానే లాక్కొస్తారు. సర్వ్ చేతిలో ఉండగా అక్కడే సెట్ వదిలేస్తారు. వాన పడి కోర్టు తడిసిన రోజు క్లబ్‌హౌస్ టీవీలో గంట సేపు మ్యాచ్ ముక్కలు చూపిద్దామని ఆలోచన. గ్రాండ్‌స్లామ్ అంచుదాకా వెళ్లి పోగొట్టుకున్న మ్యాచ్‌లు కావాలి. మొత్తం మ్యాచ్ వద్దు. ఏ స్కోరు నుంచి పెట్టాలి, ఏం గమనించమనాలి? "టెన్షన్ పడింది" అని పిల్లలకు మనం చెప్పక్కర్లేదు, వాళ్లకే తెలుసు. అంతకు మించి చెప్పగలిగేవి చూడండి. మనవాళ్ల మ్యాచ్‌లుంటే మరీ మంచిది.

నెట్‌కార్డ్:
మొదట 1993 వింబుల్డన్ ఫైనల్ పెట్టండి. స్టెఫీ గ్రాఫ్ మీద యానా నొవోత్నా మూడో సెట్లో 4-1, 40-30. ఇంకొక్క పాయింట్ వస్తే 5-1. సరిగ్గా అక్కడి నుంచి ప్లే చేయండి. డబుల్ ఫాల్ట్, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం. రెండో సర్వ్, పడాల్సిన బాక్స్ దాటి ఎక్కడో పడింది. ఆ గేమ్ పోయింది. 4-3 మీద సర్వ్ చేసిన గేమ్‌లో ఇంకో మూడు డబుల్ ఫాల్ట్‌లు. వరసగా ఐదు గేమ్‌లు ఇచ్చేసి 7-6, 1-6, 6-4తో ఓడిపోయింది. బహుమతి ప్రదానంలో కెంట్ డచెస్ భుజం మీద వాలి ఏడ్చిన దృశ్యం అందరికీ గుర్తుంటుంది గానీ, పిల్లలు చూడాల్సింది ఆ రెండో సర్వ్‌ని. 1998లో ఆమె అదే టైటిల్ గెలిచిందని కూడా చెప్పండి, లేకపోతే మొహాలు వేలాడేస్తారు.

దాని వెంటనే 2020 యుఎస్ ఓపెన్ ఫైనల్. డొమినిక్ థీమ్ మీద జ్వెరెవ్ రెండు సెట్ల ఆధిక్యంలో ఉన్నాడు, ఐదో సెట్లో 5-3 మీద మ్యాచ్ కోసం సర్వ్ చేశాడు, అయినా టైబ్రేక్‌లో (గేమ్‌లు 6-6 అయితే సెట్ తేల్చడానికి ఆడే పాయింట్లలో) 8-6తో పోయింది. ఇక్కడ తప్పు నొవోత్నా తప్పుకి తలకిందులు. చివరి టైబ్రేక్‌లో అతని రెండో సర్వ్ గంటకు సుమారు 110 కి.మీ.కి పడిపోయింది. బయటికి పోకూడదని చెయ్యి నెమ్మదించాడు. చెయ్యి నెమ్మదిస్తే స్పిన్ పోతుంది, స్పిన్ లేకపోతే బంతి నెట్ దాటాక కిందికి దిగదు, ఎదుటివాడికి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే.

దీనికి అభ్యాసం: నెట్ మీద రెండు కర్రలు కట్టి, నెట్ పైఅంచుకి 60 సెం.మీ. ఎత్తున తాడు లాగండి. రెండో సర్వ్‌లన్నీ ఆ తాడు పైనుంచి వెళ్లి బాక్స్‌లో పడాలి. వరసగా పది పడాలి, ఒకటి తప్పితే మళ్లీ ఒకటి నుంచి. ఏడెనిమిది దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగుసుకోవడం మీకే కనిపిస్తుంది. ఆ క్షణంలో "మెల్లగా కొట్టు" అనకండి. "రాకెట్ వేగం అంతే, తాడు పైకి" అనండి.

మెరీనా గాలి (చెన్నై):
నెట్‌కార్డ్ గారూ, అంతా చేతి మీదికే నెట్టేస్తున్నారు. 2004 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ సంగతేంటి? మూడో సీడ్ (టోర్నీకి ముందు ఇచ్చే ర్యాంకు) గిలెర్మో కోరియా, సీడింగ్ కూడా లేని గౌడియో మీద 6-0, 6-3తో దూసుకెళ్లాడు. నాలుగో సెట్లో కాళ్లు పట్టేశాయి, అది 6-1తో పోయింది. ఐదో సెట్లో 6-5 మీద రెండు మ్యాచ్ పాయింట్లు (గెలిస్తే మ్యాచ్ అయిపోయే పాయింట్లు) దొరికినా 8-6తో ఓడాడు. ఆ తర్వాత ఏ గ్రాండ్‌స్లామ్ ఫైనల్‌కీ రాలేదు.

కండరాలు పట్టేయడానికి చెమటలో పోయే సోడియం ఒక్కటే కారణమని గట్టిగా చెప్పలేం. కండరం అలసట, ఒత్తిడి కూడా కలుస్తాయి. కానీ చెన్నైలో మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే మాత్రం ఉత్త మంచినీళ్లతో కూర్చోబెట్టకండి. లీటరు నీటికి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్. ప్యాకెట్ సగం, నీళ్లు కళ్లంచనా అనే పద్ధతి వద్దు. ప్రతి ఎండ్ మార్పు (కోర్టులో వైపులు మారే విరామం) దగ్గర నాలుగైదు గుక్కలు. ఆటకు ముందూ తర్వాతా బరువు చూడండి. కిలో తగ్గితే సుమారు లీటరు ద్రవం పోయినట్టు.

ఇంకో మాట. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది. గాలి పలచన, బంతి కొంచెం దూరం పోతుంది. అక్కడ అలవాటైన పిల్లాడు నుంగంబాకంలో టోర్నీకి వస్తే అదే దెబ్బ పొట్టిగా పడుతుంది. మ్యాచ్‌కి ఒకరోజు ముందే రండి.

డ్యూస్ కోర్ట్:
2019 వింబుల్డన్ ఫైనల్ చూపించేటప్పుడు దయచేసి "ఫెడరర్ తడబడ్డాడు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఐదో సెట్లో ఫెడరర్ 8-7, 40-15 మీద సర్వ్ చేస్తున్న చోటి నుంచి పెట్టండి. మొదటి మ్యాచ్ పాయింట్‌లో ఫోర్‌హ్యాండ్ బయటికి కొట్టాడు, అది అతని తప్పే. రెండోదాంట్లో నెట్ దగ్గరికి వచ్చాడు, జొకోవిచ్ అతని పక్కనుంచి బంతిని దాటిస్తూ క్రాస్‌కోర్ట్ (ఐమూలగా) పాసింగ్ షాట్ కొట్టాడు. అది అవతలివాడి గొప్పతనం. రెండూ పక్కపక్కన ఆపి చూపిస్తే పిల్లలకు తేడా తెలుస్తుంది. ఆ మ్యాచ్‌లో ఫెడరర్ మొత్తం 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. అయినా మూడు టైబ్రేకులూ జొకోవిచ్‌వే. అప్పట్లో 12-12 దగ్గర టైబ్రేక్. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ చివరి సెట్ 6-6 అయితే పది పాయింట్ల టైబ్రేక్, కాబట్టి 8-7 అనే స్కోరే ఇప్పుడు రాదు. పిల్లలు తప్పకుండా అడుగుతారు.

2009 వింబుల్డన్ ఫైనల్‌లో అదే ఫెడరర్ మీద రాడిక్‌ది ఇంకా అన్యాయం. రెండో సెట్ టైబ్రేక్‌లో 6-2 ఆధిక్యం, 6-5 దగ్గర ఒక బ్యాక్‌హ్యాండ్ వాలీ (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బ) బయటికి. ఐదో సెట్ 16-14. చివరి గేమ్ దాకా అతని సర్వ్ ఒక్కసారీ బ్రేక్ కాలేదు, అంటే తను సర్వ్ చేసిన ఒక్క గేమూ పోలేదు!

వైట్‌ఫీల్డ్ వాలీ:
తాడు ఐడియా అద్భుతం. మనవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం?

నెట్‌కార్డ్:
చెన్నై నుంచే మొదలెడదాం. రామనాథన్ కృష్ణన్ 1960లో, 1961లో వింబుల్డన్ సెమీస్ ఆడి నీల్ ఫ్రేజర్, రాడ్ లేవర్‌ల చేతిలో ఓడాడు. ఆ రెండేళ్లూ టైటిళ్లు వరసగా వాళ్లవే. విజయ్ అమృత్‌రాజ్ 1973 క్వార్టర్స్‌లో యాన్ కోడెష్ చేతిలో ఐదో సెట్ 7-5తో పోగొట్టుకున్నాడు, కప్పు కోడెష్‌కే దక్కింది. 1981 క్వార్టర్స్‌లో కానర్స్ మీద మొదటి రెండు సెట్లూ గెలిచి ఓడాడు. ఈ పాత మ్యాచ్‌లు వీడియోగా దొరక్కపోతే స్కోరు బోర్డు మీద రాసి చెప్పండి, చాలు.

మీ బెంగళూరు వైపు చూస్తే బోపన్న. 2010 యుఎస్ ఓపెన్ డబుల్స్ ఫైనల్‌లో ఖురేషీతో కలిసి బ్రయాన్ సోదరుల చేతిలో రెండు సెట్లూ టైబ్రేకుల్లోనే పోగొట్టుకున్నాడు. 2017 ఫ్రెంచ్ మిక్స్‌డ్ ఫైనల్‌లో డబ్రోవ్‌స్కీతో కలిసి రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని సూపర్ టైబ్రేక్ (మూడో సెట్ బదులు ఆడే పది పాయింట్ల టైబ్రేక్) 12-10తో గెలిచాడు. పురుషుల డబుల్స్ కప్పు మాత్రం 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో, 43 ఏళ్లకి. గంటలో చివరి పది నిమిషాలు 2017 సూపర్ టైబ్రేక్‌కి ఉంచుకోండి. అంచు మీద నిలబడ్డ ఎదుటి జంటని కూడా చూడమనండి.

మెరీనా గాలి:
తాడుకి బట్టలారేసే నైలాన్ తాడు వాడకండి, మధ్యలో వేలాడి 60 కాస్తా 40 అవుతుంది. సన్నటి పురికొస బిగించి కట్టండి.